టారో, మ్యాజిక్, జోస్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో టారో పేక, అంటే జోస్యానికి వాడే బొమ్మల పేక, కనిపిస్తే చుట్టాల్లో సగం మంది దాన్ని ముట్టుకోరు. మిగతా సగం మంది "నాకు ట్రాన్స్‌ఫర్ వస్తుందేమో చూడు" అంటూ పక్కన చేరతారు. ఈ పేజీ ఇద్దరికీ పనికొస్తుంది. పడమటి దేశాల్లో ‘అకల్ట్’ (రహస్య విద్య) అనే పేరు కింద నడిచే విద్యల గురించి, అందులోనూ ఎక్కువగా టారో గురించి, జనం పదేపదే అడిగే ప్రశ్నలు ఇక్కడున్నాయి. నేను కార్డులు వేస్తాను. వాటి చరిత్ర అంటే ఇంకా ఇష్టం. అవి భవిష్యత్తు చెబుతాయని మాత్రం నమ్మను. ఈ ముక్క ముందే చెప్పేస్తే తర్వాత గొడవ ఉండదు.

అకల్ట్ అంటే క్షుద్రపూజలేనా?

కాదు. మన టీవీ ఛానళ్లకు మూడు రోడ్ల కూడలిలో నాలుగు నిమ్మకాయలు, కాస్త కుంకుమ కనిపిస్తే చాలు, ‘క్షుద్రపూజల కలకలం’ అని స్క్రోలింగ్ మొదలవుతుంది. అదే మాటను తెచ్చి అకల్ట్‌కీ అంటించేశారు. యూరప్‌లో ఈ పేరు కిందికి వచ్చేవి వేరు: జ్యోతిషం, రసవాదం, యూదుల రహస్య విద్య కబాలా నుంచి క్రైస్తవులు తీసుకుని తమకు తగ్గట్టు మార్చుకున్న పద్ధతులు, దేవదూతలను పిలిచే ప్రార్థనలు, మన అంజనం లాగా నల్లటి అద్దంలోకి చూసి చెప్పడం, ఆ తర్వాతెప్పుడో టారో.

వీటిని పట్టుకున్నవాళ్లలో చాలామంది మహా దైవభక్తులు, చదువుకున్నవాళ్లు. ఇంగ్లండులో జాన్ డీ గొప్ప గణితవేత్త. మొదటి ఎలిజబెత్ రాణి పట్టాభిషేకానికి 1559 జనవరి 15 ముహూర్తం చూసిపెట్టింది ఆయనే. దేవదూతలతో మాట్లాడాలని ఏళ్ల తరబడి కూర్చున్నదీ ఆయనే. ఆయనదని చెప్పే నల్లరాతి అద్దం ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అది మెక్సికో నుంచి వచ్చిన అగ్నిపర్వత శిల అని 2021లో రసాయన పరీక్షల్లో తేలింది. న్యూటన్ రసవాదం మీద లక్షల మాటలు రాసుకున్నాడు. కెప్లర్ జాతకాలు వేశాడు. ఆ రోజుల్లో సైన్సుకీ వీటికీ మధ్య గోడ ఇంకా లేవలేదు.

టారో కార్డులు ప్రాచీన ఈజిప్టు నుంచి వచ్చాయంటారు. నిజమా?

అబద్ధం. పైగా ఎవరు, ఎప్పుడు మొదలుపెట్టారో కూడా తెలిసిన అబద్ధం.

పేక ముక్కలు మామ్లూక్ సుల్తానుల ఈజిప్టు నుంచి 1370ల నాటికి యూరప్ చేరాయి. ఈజిప్టుతో సంబంధం అంతవరకే, అదీ మామూలు పేకకి. 1440ల ప్రాంతంలో ఉత్తర ఇటలీలో, మిలాన్, ఫెరారా, ఫ్లోరెన్స్ వైపు, ఆ పేకకి బొమ్మల ముక్కలు కొన్ని చేర్చి కొత్త ఆట తయారుచేశారు. అదే టారో. మొత్తం 78 ముక్కలు. అందులో 56 మనకు తెలిసిన పేక లాంటివే, నాలుగు రంగులు. కాకపోతే రాజు, రాణి, జాకీలతో పాటు గుర్రపు రౌతు ఒకడు అదనం. ఇస్పేటు, ఆఠీను బదులు కప్పులు, నాణేలు, కత్తులు, కర్రలు. మిగతా 22 ముక్కలూ తురుపు ముక్కలు. ఈ రోజు అందరూ ‘మేజర్ అర్కానా’ అని గొంతు తగ్గించి పలికేవి ఇవే! వాటిలో ‘ఫూల్’ ఒక్కటి ఆటలో కాస్త వేరు. మిగతావాటి పని ఎదుటివాడి ముక్క కొట్టడం. మిలాన్ ప్రభువుల కోసం బంగారు రేకు అద్ది గీసిన పేక ముక్కలు కొన్ని న్యూయార్కులో, కొన్ని ఇటలీలోని బెర్గామోలో ఇప్పటికీ ఉన్నాయి. ఫ్రాన్సులో ఇవాళ్టికీ కాఫీ హోటళ్లలో జనం టారోని ఆటగానే ఆడుకుంటారు.

మరి ఈజిప్టు కథ? 1781లో పారిస్‌లో కూర్ ద జెబలాన్ అనే పండితుడు, తెలిసినావిడ ఇంట్లో ఈ ఆట ఆడుతుంటే చూసి, ఇది ఈజిప్టు పూజారులు దాచిపెట్టిన జ్ఞానగ్రంథం అని తేల్చేశాడు. ఆధారం ఏమీ లేదు. అప్పటికి ఈజిప్టు చిత్రలిపి చదవగలిగినవాళ్లు భూమ్మీద ఎవరూ లేరు. ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ దాన్ని ఛేదించింది 1822లో. లిపి విడిపోయాక చూస్తే టారో ఊసే లేదు. అప్పటికే కథ ఊళ్లు దాటిపోయింది. అలియెత్ అనే మరో పారిస్ మనిషి తన పేరునే వెనకనుంచి రాసుకుని ఎతేయా అయ్యాడు, 1785లో టారోతో జోస్యం చెప్పడం మీద పుస్తకం వేశాడు, 1789లో జోస్యం కోసమే ఒక పేక అచ్చువేయించాడు. 1850ల్లో ఎలీఫాస్ లేవీ అనే ఫ్రెంచి అకల్ట్ రచయిత వచ్చి, 22 తురుపు ముక్కల్ని హీబ్రూ భాషలోని 22 అక్షరాలకు జతపరిచాడు. అంకె కుదిరింది కదా, ఇంకేం కావాలి!

అంటే మూడున్నర వందల ఏళ్లు ఆడుకున్నారు, ఆ తర్వాతే రహస్యం అన్నారు. జిప్సీలు తెచ్చారన్నదీ ఇలాంటి ఊహే.

‘డెత్’ కార్డు వస్తే చావు ఖాయమా?

సినిమాల్లో ఖాయం. కార్డులు వేసేవాళ్లు మాత్రం దాన్ని మార్పు అనే చదువుతారు: ఉద్యోగం మానేయడం, ఊరు మారడం, ఒక బంధం ముగియడం. ఇవాళ ఎక్కువగా కనిపించే 1909 నాటి పేకలో ఆ బొమ్మ చూడండి. తెల్లగుర్రం మీద కవచం తొడిగిన అస్థిపంజరం, కింద పడి ఉన్న రాజు, చేతులు జోడించిన మతగురువు, పూలు పట్టుకున్న పసివాడు, వెనక రెండు గోపురాల మధ్య సూర్యుడు. రాజుకైనా తప్పదు అన్నది పాత యూరపు చిత్రకారులకు ఇష్టమైన సంగతి. కొత్తగా భయపెట్టాలని గీసింది కాదు. ఆ పేకలో నాకు నిజంగా ఇబ్బందిగా అనిపించేది కత్తుల పదో ముక్క: బోర్లా పడిన మనిషి, వీపులో పది కత్తులు. దాని గురించి ఎవరూ అడగరు.

ఆ బొమ్మలు ఎవరు గీశారు?

పమేలా కోల్మన్ స్మిత్. లండన్‌లో 1878లో పుట్టి, చిన్నప్పుడు కొన్నేళ్లు జమైకాలో పెరిగిన చిత్రకారిణి. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ అనే అకల్ట్ రచయిత ఆలోచన చెబితే, 1909లో నెలల వ్యవధిలో మొత్తం పేక గీసి ఇచ్చింది. అంతకుముందు చాలా పేకల్లో కప్పుల మూడు అంటే మూడు కప్పులే. ఆమె దాన్ని ముగ్గురు ఆడవాళ్లు గిన్నెలెత్తి నాట్యమాడే దృశ్యం చేసింది. ఇలా ప్రతి చిన్న ముక్కకీ ఒక కథ దొరకడం వల్లే కొత్తవాళ్లు కూడా చూసి ఏదో ఒకటి చెప్పగలుగుతున్నారు. ఇవాళ యూట్యూబ్‌లో కనిపించే పేకల్లో చాలావాటికి మూలం ఆమె గీసినవే. చాలా పెద్ద పని, డబ్బు మాత్రం అతి తక్కువ అని ఆ ఏడాదే ఆమె ఒక ఉత్తరంలో రాసుకుంది. 1951లో అప్పులతో చనిపోయింది. ఆ పేకకి ఏళ్ల తరబడి ప్రచురణకర్త పేరు, వెయిట్ పేరు ఉన్నాయి, ఆమె పేరు లేదు. ఈమధ్యనే చేరుస్తున్నారు.

గోల్డెన్ డాన్ అంటే ఏదో సైతాను సంఘమా?

సైతానుకీ దానికీ సంబంధం లేదు. 1888లో లండన్‌లో వెస్కాట్, మాథర్స్, వుడ్‌మన్ అనే ముగ్గురు ఫ్రీమేసన్లు (మగవాళ్లే చేరే ఒక సోదర సంఘం సభ్యులు) పెట్టిన సంఘం అది. ఫ్రీమేసన్లలా కాకుండా ఆడవాళ్లనూ సమానంగా చేర్చుకుంది. ఆ కాలానికి అది చిన్న విషయం కాదు. చేరినవాళ్లకు సిలబస్ ఉండేది, పరీక్షలుండేవి, పాసైతే పై మెట్టు. హీబ్రూ అక్షరాలు, గ్రహాల గుర్తులు, టారో, ప్రాథమిక జ్యోతిషం, ఆ తర్వాతే పూజా విధానం. కవి డబ్ల్యూ. బి. యేట్స్ ఇందులో ఏళ్ల తరబడి సభ్యుడు. ఠాగూర్ ఇంగ్లీషు గీతాంజలికి ముందుమాట రాసిన యేట్సే. వెయిట్, పమేలా స్మిత్ కలిసింది కూడా ఇక్కడే.

ఈ సంఘానికి జర్మనీలో ఒక మహా గురువమ్మ అనుమతి ఇచ్చిందని వెస్కాట్ ఉత్తరాలు చూపించేవాడు. అవి కల్పితమని 1900లో మాథర్సే బయటపెట్టాడు. చరిత్రకారులూ దాదాపు అదే అంటారు. ఆ ఏడాదే సంఘం చీలింది. ఏప్రిల్‌లో మాథర్స్ తరఫున అలిస్టర్ క్రౌలీ అనే పాతికేళ్లవాడు స్కాట్లండు కొండవాళ్ల దుస్తుల్లో, మొహానికి నల్ల ముసుగుతో సంఘం గదులు ఆక్రమించడానికి వెళ్లాడు. చివరికి పోలీసులొచ్చి బయటికి పంపించారు. లోకాన్ని శాసించే రహస్య శక్తులు అని భయపడేవాళ్లకు నేను ఎప్పుడూ చెప్పేది ఈ అద్దెగదుల గొడవే.

ఇంకో సంగతి మనకు దగ్గరిది. ఈ సంఘంలో ధ్యానానికి వాడిన బొమ్మలు పసుపు చతురస్రం, వెండి నెలవంక, ఎర్ర త్రికోణం, నీలి వృత్తం, నల్లటి అండాకారం. అంటే పృథ్వి, జలం, తేజస్సు, వాయువు, ఆకాశం. వీటిని ‘తత్త్వాలు’ అనే పిలిచారు. రామప్రసాద్ అనే భారతీయ థియోసాఫిస్టు (థియోసాఫికల్ సొసైటీ సభ్యుడు, ఆ సొసైటీ సంగతి కింద వస్తుంది) ఇంగ్లీషులో రాసిన వ్యాసాల నుంచి తీసుకున్నారు. లండన్ నుంచి వచ్చిన ఈ గుర్తుల్ని ఇవాళ హైదరాబాద్‌లో వీకెండ్ వర్క్‌షాప్ పెట్టి ‘పాశ్చాత్య రహస్య విద్య’ అని మనకే నేర్పితే నవ్వు ఆపుకోవడం కష్టం.

మ్యాజిక్ స్పెల్లింగ్‌లో కొందరు చివర ‘కే’ అక్షరం ఎందుకు పెడతారు?

పైన ముసుగేసుకున్న క్రౌలీ పని. టోపీలోంచి కుందేలు తీసే గారడీ వేరు, తాను చేసేది వేరు అని చెప్పడానికి పాత స్పెల్లింగ్‌ని తిరిగి తెచ్చాడు. సంకల్పానికి అనుగుణంగా మార్పు తీసుకురావడమే మ్యాజిక్ అని ఆయన నిర్వచనం. ఆ లెక్కన పుస్తకం రాసి పంచడం కూడా మ్యాజిక్కే, ఆయనే ఒప్పుకున్నాడు. ఆయన మనిషిగా నాకు నచ్చడు. చుట్టూ ఉన్నవాళ్లను వాడుకున్నాడు, వారసత్వంగా వచ్చిన ఆస్తంతా ఖర్చుపెట్టి 1947లో ఒక లాడ్జింగులో పోయాడు. కానీ సిలోన్‌లో యోగాభ్యాసం చేశాడు, 1902లో కే2 శిఖరం ఎక్కబోయాడు, దక్షిణ భారతం తిరిగాడు. పేపర్లు పెట్టిన పేర్ల కంటే మనిషి చిక్కైనవాడు.

తెలుగువాళ్లకు ఈ చరిత్రలో చోటుందా?

ఉంది, చాలా పెద్ద చోటు. అన్ని మతాల వెనకా ఒకే రహస్య జ్ఞానం ఉందని చెప్పే థియోసాఫికల్ సొసైటీ 1875లో న్యూయార్క్‌లో పుట్టి, 1882లో మద్రాసు అడయారుకి మారింది. కనబడని గురువులు హిమాలయాల నుంచి ఉత్తరాలు పంపుతారని దాని స్థాపకురాలు బ్లావట్‌స్కీ చెప్పేది. ఆ ఉత్తరాలు ఆమె రాసుకున్నవేనని 1885లో లండన్ పరిశోధకుల నివేదిక ఒకటి తేల్చింది. వందేళ్ల తర్వాత ఆ పరిశోధకుల సంస్థ పత్రికలోనే ఆ నివేదిక పక్షపాతంతో రాసిందన్న విమర్శ వచ్చింది. ఆ వాదన ఇంకా నడుస్తోంది.

1909లో అడయారు బీచిలో లెడ్‌బీటర్ అనే థియోసాఫిస్టు ఒక బక్కపల్చని కుర్రాణ్ని చూసి, ఇతని చుట్టూ ఉన్న కాంతి అసాధారణం, రాబోయే జగద్గురువు ఇతనే అన్నాడు. ఆ అబ్బాయి మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. ఆయన కోసం ఒక సంఘం పెట్టారు, ప్రపంచమంతటా వేలమంది చేరారు, ఆస్తులు రాసిచ్చారు. 1929 ఆగస్టు 3న హాలండులో అందరి ముందూ నిలబడి ఆ సంఘాన్ని రద్దు చేశాడాయన. శిష్యులొద్దన్నాడు, విరాళాలు తిరిగిచ్చేయించాడు. అకల్ట్ చరిత్రలో తనకిచ్చిన సింహాసనం వద్దనుకున్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అంటే నాకైతే గుర్తురావడం లేదు.

ఇదంతా విదేశీ పిచ్చి. మనకెందుకు?

జోస్యం లేని ఊరేది? "సోది చెబుతానమ్మ సోది" అని వీధిలోకి వచ్చే ఎరుకలసాని మన కథల్లో ఎంత గౌరవం ఉన్న మనిషంటే, పద్మావతి పెళ్లి కుదర్చడానికి సాక్షాత్తు శ్రీనివాసుడే ఆ వేషం వేశాడు. బోనాల మర్నాడు సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో పచ్చికుండ మీద నిలబడి రంగం చెబుతారు, మంత్రులూ వచ్చి వింటారు. చిలక జోస్యం సంగతి చెప్పనే అక్కర్లేదు. నైజీరియాలో యోరుబా ప్రజల ఇఫా జోస్య పద్ధతిలో 256 అధ్యాయాలు, ఒక్కోదానికి వందల పద్యాలు ఉంటాయి. యునెస్కో దాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. అచ్చుపేక బొమ్మలు చూసి చెప్పడం వీటన్నిటిలో చాలా సులువైన రకం.

మరి నా విషయం అంత కరెక్ట్‌గా ఎలా చెప్పారు?

1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ సైకాలజీ ప్రొఫెసర్ తన 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఒక్కొక్కరికీ విడిగా వ్యక్తిత్వ నివేదిక ఇచ్చాడు. మీకెంత సరిపోయిందో అయిదుకి మార్కులేయండి అన్నాడు. సగటు 4.26 వచ్చింది. తర్వాత తెలిసిందేమంటే అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం, అందులో వాక్యాలు చాలావరకు బజార్లో కొన్న జోస్యం పుస్తకంలోవి. ‘బయటికి ధైర్యంగా కనిపిస్తారు కానీ లోపల టెన్షన్ పడతారు’ లాంటి మాట ఎవరికి సరిపోదు చెప్పండి?

దీనికి తోడు ఎదుటివాళ్ల మొహం చదవడం. "ఇంట్లో ఒక పెద్దాయన ఆరోగ్యం..." అని ఆగితే మీ కళ్లే మిగతాది చెప్పేస్తాయి. తగిలినవి మనకు గుర్తుంటాయి, తగలనివి ఇంటికెళ్లేసరికి మర్చిపోతాం. చెప్పేవాళ్లందరూ కావాలని మోసం చేస్తారనుకోకండి. చాలామంది తమకు తెలియకుండానే మొహం చదువుతారు, అది కార్డుల మహిమే అని వాళ్లూ నమ్ముతారు.

జ్యోతిషాన్ని ఎవరైనా సరిగ్గా పరీక్షించారా?

పరీక్షించారు, మన దేశంలోనే. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, ఆయన బృందం మహారాష్ట్రలో 200 మంది పిల్లల జన్మ వివరాలు తీసుకున్నారు. సగం మంది చదువులో చురుకైనవాళ్లు, సగం మంది మానసిక ఎదుగుదల లోపం ఉన్నవాళ్లు. జ్యోతిషులకు తలా 40 జాతకాలిచ్చి ఎవరు ఏ వర్గమో చెప్పమన్నారు. జవాబులు పంపిన 27 మంది సగటున 46 శాతం సరిగ్గా చెప్పారు. బొమ్మా బొరుసూ వేసినా సగం వస్తుంది. పంచాంగం గణితం గొప్పది కాదా అని అడగొచ్చు. గొప్పదే. గ్రహణం ఎప్పుడో ఆ గణితం చెబుతుంది, అమ్మాయి పెళ్లి ఎప్పుడో అది చెప్పదు.

ఔజా బోర్డు ఆడితే దెయ్యం పడుతుందా? హాస్టల్లో నిజంగానే గ్లాసు కదిలింది.

ఔజా అంటే అక్షరాలు రాసిన బోర్డు, దాని మీద గ్లాసు బోర్లించి అందరూ వేళ్లు పెట్టి ఆత్మను ప్రశ్నలడుగుతారు. గ్లాసు కదలడం నిజం. కదిపింది మీ వేళ్లే. మనకు తెలియకుండా కండరాలు చేసే ఈ చిన్న కదలికను 1852లో విలియం కార్పెంటర్ వివరించాడు. మరుసటి ఏడాది శాస్త్రవేత్త ఫారడే, ఆత్మలే బల్లను కదుపుతాయని జనం నమ్మే ఆటలో దాన్ని చేసి చూపించాడు: బల్ల మీద మెత్తటి జిగురుతో అట్టముక్కలు పేర్చి, పైన చేతులు పెట్టించాడు. బల్ల కంటే ముందు పై అట్టే జరిగింది. అంటే చేతులే బల్లను తోస్తున్నాయి. మీరూ చేసి చూడొచ్చు. ఆడేవాళ్లకు కళ్లకు గంతలు కట్టి, చెప్పకుండా బోర్డు తిప్పేయండి. గ్లాసు అక్షరాలు ఇంతకుముందు ఉన్న వైపుకే పోతుంది. ఆత్మకైతే బోర్డు కనబడాలి కదా.

బోర్డు కూడా ప్రాచీనం కాదు. అమెరికాలో 1891లో ఇళ్లలో ఆడుకునే ఆటవస్తువుగా పేటెంటైంది. ప్రమాదం మరో రకంగా ఉంది. నిద్రలేక, పరీక్షల భయంతో ఉన్న పిల్లకి ‘నువ్వు చచ్చిపోతావ్’ అని గ్లాసు తిరిగితే ఆ పిల్ల తట్టుకోలేకపోవచ్చు. అలాంటప్పుడు కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లండి, భూతవైద్యుడి దగ్గరికి కాదు.

చేతబడి, బాణామతి, చిల్లంగి నిజమేనా?

మంత్రంతో మనిషిని చంపడం కుదరదు. చేతబడి చేశాడన్న అనుమానంతో మనిషిని చంపడం మాత్రం మన రెండు రాష్ట్రాల్లోనూ జరుగుతూనే ఉంది. చెట్టుకి కట్టేయడం, మంత్రం పలకకుండా పళ్లు ఊడగొట్టడం, సజీవ దహనం... ఇవన్నీ పేపర్లలో వచ్చినవే. నిందపడేది ఎవరి మీదో చూడండి: ఒంటరి ముసలావిడ, భూమి తగాదా ఉన్న దాయాది, నాటువైద్యం చేసే పేదవాడు.

యూరప్ ఈ దారిలోనే నడిచింది. సుమారు 1450 నుంచి 1750 దాకా మంత్రగత్తెలన్న నిందతో చంపినవాళ్లు 40 నుంచి 60 వేల మంది అని చరిత్రకారుల అంచనా, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. బ్రిటన్ 1735లో చట్టం తిరగరాసింది. ఇక మంత్రగత్తె అని ఎవరినీ విచారించకూడదు, శక్తులున్నాయని చెప్పుకుని జనాన్ని మోసం చేసేవాళ్లనే శిక్షించాలి అంది. మన దగ్గర మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి ప్రత్యేక చట్టాలు చేశాయి. మహారాష్ట్రలో దాని కోసం పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ని కాల్చి చంపిన తర్వాతే అది వచ్చింది.

మీ ఊళ్లో ఎవరి మీదైనా ఈ నింద మొదలైతే పంచాయితీ కూర్చునేదాకా ఆగకండి, 112కి ఫోన్ చేయండి. ఇంట్లో మనిషి కారణం తెలియకుండా చిక్కిపోతుంటే రక్తపరీక్ష చేయించండి. షుగరో, టీబీనో, థైరాయిడో బయటపడొచ్చు.

డబ్బులిచ్చి రీడింగ్ చేయించుకోవచ్చా?

సినిమా టికెట్ కొన్నట్టు కొనుక్కోండి. ఒక రేటు, ఒక గంట, అయిపోయింది. "మీ మీద దోషం ఉంది, తీయడానికి ఇంకో 20 వేలు" అన్న మాట వినగానే లేచి వచ్చేయండి, ఇచ్చింది పోయినా పరవాలేదు. పిల్లలు పుడతారా, కేన్సర్ తగ్గుతుందా అన్న ప్రశ్నలకు జవాబు చెప్పే రీడర్ దగ్గరికి రెండోసారి వెళ్లొద్దు. మంత్రాలతో, తాయెత్తులతో జబ్బులు నయమవుతాయని ప్రకటన వేయడం 1954 చట్టం ప్రకారం నేరం. టీవీల్లో మాత్రం యంత్రాల అమ్మకం ఆగలేదు.

నమ్మకం లేనప్పుడు మీరెందుకు వేస్తున్నారు?

ఉద్యోగం మానాలా వద్దా అని తల బద్దలుకొట్టుకుంటున్న స్నేహితురాలు కత్తుల ఎనిమిదో ముక్క, అంటే కళ్లకు గంతలతో, ఒంటికి కట్లతో నిలబడిన ఆడమనిషి బొమ్మ, చూసి, "ఈమెకి కట్లు వదులుగానే ఉన్నాయి కదా, ఎందుకు కదలదు?" అంటుంది. కార్డు ఆమెకి ఏమీ చెప్పలేదు. ఆ ప్రశ్న ఆమెదే, నేను సూటిగా అడిగితే మాత్రం వచ్చేది కాదు. బొమ్మను అడ్డం పెట్టుకుంటే మనిషి తన గురించి మాట్లాడటం తేలికవుతుంది. నాకు అంతకు మించి అక్కర్లేదు. పైగా బొమ్మలు బాగుంటాయి.

మొదటి పేక ఎవరైనా బహుమతిగా ఇవ్వాలట, సొంతంగా కొంటే అరిష్టమట?

ఎక్కడా ఆధారం లేని మాట. కొనుక్కోండి. 1909 పేకకి నకళ్లు ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతాయి. మరీ చిన్న సైజువి తీసుకుంటే బొమ్మలు కనబడవు. ఒక ముక్క పోతే పేకాటలో జోకర్ పోయినప్పుడు ఏం చేస్తారో అదే చేయండి: తెల్ల అట్ట కత్తిరించి దాని మీద పేరు రాసుకోండి.